విశాఖకు మారుతున్న హైస్కూలు పిల్లలు, బడి ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి వస్తోందంటే చాలు, శ్రీకాకుళం, పార్వతీపురం, నర్సీపట్నం, పాడేరు, రాజమండ్రి వైపు నుంచి విశాఖకు మకాం మారుస్తున్నవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. అడిగే మనుషులు మారతారు గానీ అడిగేవి ఇంచుమించు అవే. నేను గాజువాక వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. జూన్‌లో కొత్తగా చేరిన పిల్లలు చివరి బెంచీలో బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం ఏటా చూస్తుంటాను. అందుకే వచ్చే సందేహాలన్నీ ఒకచోట రాసిపెట్టాను. కొన్ని అమ్మానాన్నలవి, కొన్ని పిల్లలవి. మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు బడి చూస్తున్నప్పుడు వాళ్లను ఇంట్లో వదిలేసి వెళ్లకండి. రోజూ ఆ గేటు లోపలికి వెళ్లాల్సింది వాళ్లే.

## ఊరు కదలక ముందు

ఏ క్లాసులో ఉండగా మారితే పిల్లలకు ఇబ్బంది తక్కువ?

మీ చేతిలో ఉన్న పనైతే 8వ తరగతి మొదట్లో, తప్పితే 9 మొదట్లో మారండి. అప్పుడు పబ్లిక్ పరీక్షకు ముందు కొత్త బడికి, కొత్త స్నేహాలకు అలవాటు పడడానికి కనీసం ఒక ఏడాది దొరుకుతుంది. పదో తరగతి మధ్యలో మారడం మాత్రం అన్నిటికన్నా కష్టం. స్టేట్ సిలబస్‌లో పరీక్షలు మార్చిలో ఉన్నా, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పని నెలల ముందే అయిపోతుంది. సీబీఎస్‌ఈలో 9, 10 కలిపి రెండేళ్ల ఒకే కోర్సు. నేరుగా పదిలో చేర్చుకోకూడదన్నది వాళ్ల నియమం. తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణం ఉంటే బోర్డు అనుమతితో ఒక సీబీఎస్‌ఈ బడి నుంచి ఇంకో సీబీఎస్‌ఈ బడికి మారొచ్చు. స్టేట్ సిలబస్‌లో 9 చదివి, సీబీఎస్‌ఈ పదిలో కూర్చుందామంటే కుదిరే పని కాదు.

నాన్నకి బదిలీ అయింది, నేను పదిలో ఉన్నాను. నన్ను కూడా తీసుకెళ్లాల్సిందేనా?

అమ్మమ్మ ఇంట్లోనో, బాబాయి ఇంట్లోనో మార్చి దాకా ఉండే వీలుంటే ఉండిపో. నాన్న ముందు వెళ్లి, మిగతావాళ్లు పరీక్షలయ్యాక వెళ్లిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలా వీలు కాదంటే జూన్‌లోనే మారిపోవాలి. దసరా సెలవుల దాకా ఆగి అప్పుడు చూద్దాం అనుకుంటే రెంటికీ చెడిపోతావు.

పాత బడి నుంచి ఏమేం కాగితాలు తెచ్చుకోవాలి?

టీసీ ఒక్కటీ చేతిలో పెట్టుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ. దాంతోపాటు స్టడీ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోండి. 6 నుంచి ఆ బడిలో ఎన్నేళ్లు చదివితే అన్నేళ్లకూ ఏడాదివారీగా రాయించుకోండి. ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్, మెడికల్ కౌన్సెలింగ్‌లో 6 నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అప్పుడు సెలవు పెట్టుకుని సొంతూరు పరుగెత్తాలి. ఈలోపు ఆ ప్రైవేటు స్కూలు మూతపడిపోయి ఉంటే తల ప్రాణం తోకకొస్తుంది.

టీసీ తీసుకోగానే అక్కడే నిలబడి చదవండి. పిల్లవాడి పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఒక దాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకో దాంట్లో పూర్తిగా ఉండడం మామూలే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏది పడితే జీవితాంతం అదే నడుస్తుంది కాబట్టి, 8, 9 తరగతుల్లోనే సరిచేయించుకోండి. 15 ఏళ్లు నిండినవాళ్లకు ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ ఇవ్వడం తప్పనిసరి, అదీ చూసుకోండి.

ఇప్పుడు ఇంకో పని కూడా ఉంది. దేశంలోని బడి పిల్లల వివరాలన్నీ యూడైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ రికార్డులో ఉంటాయి. ప్రతి విద్యార్థికీ అందులో పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది. పాత బడివాళ్లు పిల్లల్ని ఆ రికార్డులో డ్రాప్ బాక్సులోకి వదిలితేనే కొత్త బడివాళ్లు తమ పేరు మీదికి తీసుకోగలరు. కాగితం టీసీ ఇచ్చేసి, ఆన్‌లైన్‌లో వదలడం మర్చిపోవడం చాలా చోట్ల జరుగుతోంది. పెన్ నంబరు, అపార్ (దేశమంతటా చెల్లే విద్యార్థి గుర్తింపు) నంబరు రాయించుకుని, డ్రాప్ బాక్సులో పెట్టారా అని అడిగి మరీ బయటికి రండి. ఇవిగాక గత రెండేళ్ల మార్కుల కార్డులు, ఉంటే కుల ధ్రువీకరణ పత్రం. ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి, సామాన్ల లారీలో వెయ్యకుండా చేతి సంచిలో తెచ్చుకోండి.

ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వనంటున్నారు. అది లేకపోతే కొత్త బడిలో చేర్చుకోరా?

8వ తరగతి లోపు పిల్లలకు విద్యా హక్కు చట్టం అండ ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారుతుంటే టీసీ వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందని చేరే బడి సీటు ఆపకూడదు. 9, 10 పిల్లలకు ఈ చట్టం నేరుగా వర్తించదు. ఇలాంటప్పుడు గొడవ పెట్టుకునే బదులు బాకీ ఎంతో కాగితం మీద రాయించుకుని, వాయిదా అడగండి. అప్పటికీ కదలకపోతే పాత ఊరి మండల విద్యాధికారికి (ఎంఈవో) రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక నకలు జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసుకి పంపండి. మీరు కొత్త ఊళ్లో ఉండి ఇదంతా నడపడం కష్టం, మకాం మార్చక ముందే తేల్చుకోండి.

మేం ఒడిశా నుంచి వస్తున్నాం. మా పాప ఇక్కడ లోకల్ అవుతుందా?

ప్రొఫెషనల్ కోర్సుల సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకే. మామూలు లెక్క ఏమిటంటే, అర్హత పరీక్ష, అంటే ఇంటర్, రాసే నాటికి వరుసగా 4 ఏళ్లు ఇక్కడ చదివి ఉండాలి. 9లో చేరి ఇంటర్ పూర్తి చేస్తే సరిగ్గా ఆ నాలుగేళ్లు అవుతాయి. పదిలోనో, ఇంటర్‌లోనో వస్తే కావు. తెలంగాణ నుంచి తిరిగొస్తున్న మనవాళ్లకీ ఇదే మాట. అందుకే వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు 9 దాటక ముందే రావడం మేలు.

## బడి వెతికేటప్పుడు

ముందు ఇల్లు చూసుకోవాలా, బడి చూసుకోవాలా?

ముందు బడి. ఇల్లు ఆర్నెల్లకు మార్చొచ్చు, బడి మార్చలేం.

విశాఖ చుట్టూ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒకవైపు సముద్రం, మధ్యలో కొండలు, వాటి మధ్య నుంచి జాతీయ రహదారి వెంట పొడుగ్గా సాగింది. కూర్మన్నపాలెం, గాజువాక ఒక చివర, మధురవాడ, కొమ్మాది ఇంకో చివర. గాజువాక నుంచి మధురవాడకు పాతిక కిలోమీటర్ల పైనే. మధ్యలో ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక. ఉదయం ఎనిమిదింటికి ఆ జంక్షన్లలో లారీల మధ్య బడి బస్సు ఎంత సేపు ఆగుతుందో ఒకసారి మీరే వెళ్లి చూడండి. "పేరున్న స్కూలు" అని ఊరికి ఆ చివర చేర్పిస్తే పిల్లలు ఐదున్నరకు లేచి, సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరతారు. ఇక చదివేది ఎప్పుడు, ఆడేది ఎప్పుడు? పదమూడేళ్లకు ఎనిమిది గంటల నిద్ర కావాలి. మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు పడే పిల్లల్ని అడిగితే ఎక్కువమంది దూరం నుంచి వచ్చేవాళ్లే ఉంటారు.

ఇంటి గుమ్మం నుంచి బడి గేటుకి అరగంట దాటకూడదన్నది నేను అందరికీ చెప్పే కొలత. దగ్గర్లో ఉన్న మామూలు మంచి బడి, దూరాన ఉన్న గొప్ప బడికన్నా మేలని నా గట్టి నమ్మకం.

ఏ ఏరియాలో ఏముంది?

మీ పనిచోటు ఎటుంటే అటే చూసుకోవడం తప్పదు గానీ, కొంచెం స్వరూపం చెప్తాను. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, సిరిపురం, ద్వారకానగర్ వైపు బడులు ఎక్కువ, అద్దెలూ ఎక్కువ. అక్కయ్యపాలెం, కంచరపాలెం, మర్రిపాలెం, గోపాలపట్నం మధ్యతరగతికి అందే చోట్లు, బస్సులకు లోటు లేదు. గాజువాకలో ప్రైవేటు స్కూళ్లు వీధికొకటి. ఉక్కునగరం లోపల విశాలమైన ఆవరణలున్న బడులున్నాయి. మధురవాడ వైపు కొత్తగా కట్టినవి ఎక్కువ.

పాత ఊళ్లో తరాల నాటి బడులున్నాయి. సెయింట్ అలోషియస్ 1847 నాటిది. తండ్రికి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో ఉద్యోగం రావడంతో తిరుచ్చి వైపు నుంచి చిన్నప్పుడే విశాఖ వచ్చిన సి.వి.రామన్ చదువుకున్నది అక్కడే.

పిల్లలకు ఉబ్బసం ఉంటే మాత్రం పోర్టు పక్క వీధులు, పరిశ్రమల పొగ తగిలే చోట్లు తప్పించండి. ఆ ఇళ్లలో కిటికీ గట్టు మీద వేలు పెట్టి గీస్తే నల్లటి దుమ్ము అంటుతుంది.

స్టేట్ సిలబసా, సీబీఎస్‌ఈయా?

నాన్నది దేశమంతా తిప్పే ఉద్యోగమైతే, అంటే నేవీ, రైల్వే, బ్యాంకు లాంటిదైతే, సీబీఎస్‌ఈ. ఇక్కడే స్థిరపడేవాళ్లైతే స్టేట్ సిలబస్‌లో తప్పేమీ లేదు. ఇప్పటిదాకా స్టేట్‌లో చదివి 9లో మారే పిల్లలకు మొదటి మూడు నెలలు సైన్స్, ఇంగ్లిష్ బరువుగా ఉంటాయి, తర్వాత సర్దుకుంటారు. తెలుగు వదిలేయాల్సిన పని లేదు, సీబీఎస్‌ఈ పదిలోనూ తెలుగు సబ్జెక్టు ఉంది. మీరు చేరే బడిలో దానికి టీచరు ఉన్నారో లేదో మాత్రం అడగండి.

కేంద్రీయ విద్యాలయంలో, నవోదయలో మధ్యలో సీటు దొరుకుతుందా?

కేంద్రీయ విద్యాలయాలు నగరంలో చాలానే ఉన్నాయి. ఖాళీలుంటేనే, అదీ బదిలీలుండే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు ముందు. 9లో కొత్తగా చేరాలంటే పరీక్ష రాయాలి. నవోదయలో 9కి ఖాళీ సీట్ల పరీక్ష ఉంటుంది గానీ, అప్పటికి అదే జిల్లాలో 8 చదువుతూ ఉండాలి. 8కే విశాఖ వచ్చినవాళ్లు ఆ నోటిఫికేషన్ మీద ఒక కన్నేసి ఉంచండి.

గవర్నమెంట్ స్కూల్లో వేస్తే చుట్టాలు నవ్వుతారేమో?

నవ్వనివ్వండి. ఫీజు లేదు. పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం, బూట్లు బడిలోనే ఇస్తారు, మధ్యాహ్నం భోజనం ఉంటుంది. చెప్పేవాళ్లు డీఎస్సీ రాసి వచ్చిన బీఈడీ టీచర్లు. ఇంగ్లిష్ మీడియం ఉంది. మధురవాడ దగ్గరి చంద్రంపాలెం జిల్లా పరిషత్ హైస్కూలు, ఆడపిల్లలకు క్వీన్ మేరీ లాంటివి ఊళ్లో పేరున్న ప్రభుత్వ బడులు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నూజివీడు, శ్రీకాకుళం లాంటి ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ల బీటెక్ కోర్సుకి పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు ఆ మార్కులకు 4 శాతం అదనంగా కలుపుతారు. లెక్కల్లో చురుకైన పిల్లలు, ఇంట్లో డబ్బుకు కటకట అయితే, ఈ దారి గురించి తప్పక ఆలోచించండి.

లోపాలు లేవనను. కొన్ని చోట్ల ఒక సెక్షన్లో అరవై మంది దాకా ఉంటారు. కొన్ని చోట్ల ఏదో ఒక సబ్జెక్టుకి టీచరు ఉండరు. వెళ్లి అడిగితే హెడ్మాస్టరే చెప్తారు.

ప్రైవేటు బడిలో పేదపిల్లలకు 25 శాతం సీట్లు ఇస్తారట, మా అబ్బాయికి వస్తుందా?

ఆ సీట్లు ఒకటో తరగతిలో చేరేటప్పుడే. హైస్కూలు పిల్లలకు వర్తించవు.

బడి చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి?

ఆఫీసు గదిలో ఏసీ కింద కూర్చోబెట్టి, ర్యాంకుల ఫ్లెక్సీ చూపించి పంపేస్తారు. అక్కడితో ఆగొద్దు. "ఒకసారి 9వ తరగతి గది చూస్తామండీ" అని అడగండి. చూపించం అన్నారంటే అదే మీకు జవాబు.

గదిలోకి వెళ్తే బెంచీకి ఎంతమంది ఉన్నారో చూడండి. గోడకున్న టైంటేబుల్ చదవండి. ఆటల పీరియడ్, లైబ్రరీ పీరియడ్ కనిపిస్తాయా, లేక పొద్దున నుంచి సాయంత్రం దాకా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీయేనా? ఒక పిల్లవాడి నోట్సు అడిగి తిప్పండి. ఎర్ర సిరా టిక్కులు మాత్రమే ఉన్నాయా, తప్పు దగ్గర ఆగి ఎవరైనా ఒక ముక్క రాశారా? నేను టీచర్ని కాబట్టి ఇది నొక్కి చెప్తున్నాను: దిద్దిన నోట్సు చూస్తే ఆ బడి చదువు ఎలాంటిదో తెలిసిపోతుంది.

తర్వాత బాత్రూములు. ముఖ్యంగా ఆడపిల్లలవి. తలుపుకి గడియ ఉందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా, చెత్త బుట్ట ఉందా? అవి సరిగా లేని చోట ఆడపిల్లలు సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటారు. ఈ తేమ ఊళ్లో, ఆ ఉక్కపోతలో, దాహం చంపుకుని కూర్చుంటే తలనొప్పి, మూత్రంలో మంట. అమ్మలు వెళ్లి కళ్లారా చూడాల్సిన సంగతి ఇది.

అపార్ట్‌మెంట్‌లాంటి భవనంలో నడిచే బడైతే మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయో చూడండి. చివరగా, బడి వదిలే వేళకి గేటు బయట నిలబడండి. బయటికొచ్చే పిల్లల మొహాలు చూడండి, ఒకరిద్దర్ని పలకరించండి. "ఇక్కడ సార్లు కొడతారా?" అని మీ పిల్లే అడిగితే ఇంకా నిజం చెప్తారు.

ఎంట్రన్స్ పెట్టారు, మార్కులు తక్కువని కింద క్లాసులో చేర్చుకుంటామంటున్నారు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోవద్దు. 8వ తరగతి లోపు అయితే పరీక్ష పెట్టి వడపోయడమే చట్టవిరుద్ధం. మొదటిసారికి 25,000, ఆ తర్వాత ప్రతిసారికీ 50,000 దాకా జరిమానా ఉంది. వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలనీ అదే చట్టం చెప్తుంది. 9లో పరీక్ష పెట్టొచ్చు. అయినా పద్నాలుగేళ్ల పిల్లని తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చోబెడితే చదువు రాకపోగా నామోషీ పట్టుకుంటుంది. ఆ బడి కాకపోతే ఇంకో బడి.

ఇప్పటిదాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ మీడియంలో నెగ్గుకొస్తానా?

నెగ్గుకొస్తావు. లెక్కలు ముందు పట్టుబడతాయి, ఎందుకంటే అంకెలకు మీడియం లేదు. సోషల్ అన్నిటికన్నా ఆలస్యం. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటాయి. ఏ బడిలో చదివినా అవి సంపాదించుకో. పాఠం తెలుగు పేజీలో చదివి అర్థం చేసుకుని, రేపు క్లాసులో వినబోయే మాటలు ఇంగ్లిష్ పేజీలో గుర్తు పెట్టుకో. రోజుకి పది మాటలు చాలు. సందేహం వస్తే తెలుగులోనే అడుగు. అలా అడిగినందుకు కసిరే టీచరు ఉంటే ఆ తప్పు నీది కాదు.

ఐఐటీ ఎంట్రన్స్‌కి ఇప్పటినుంచే తయారుచేసే ఫౌండేషన్ కోర్సు తీసుకోమంటున్నారు. అవసరమా?

పిల్లకి ఇష్టమైతే సరే. ఊరు మారిన మొదటి ఏడాది మాత్రం వద్దు. బడి గంటలకు మించి ఇంకో రెండు గంటల భారం అప్పుడే మొయ్యలేరు.

ఫీజు దగ్గర ఏం అడగాలి?

"ఏడాదికి మొత్తం ఎంత?" అనే ఒక్క ప్రశ్న. ట్యూషన్ ఫీజు ఒకటి చెప్పి, తర్వాత పుస్తకాలు, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు, డిజిటల్ క్లాసు అంటూ ఒక్కొక్కటీ కలుపుతారు. అన్నీ ఒక తెల్లకాగితం మీద రాసిమ్మనండి, కట్టిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కూడా రాయించండి. తల్లికి వందనం పథకం కింద 2025 నుంచి అర్హులైన తల్లుల ఖాతాలో ఒక్కో బిడ్డకి 13,000 పడుతున్నాయి. హాజరు 75 శాతం ఉండాలి. మకాం మారాక వార్డు సచివాలయంలో మీ కుటుంబం వివరాలు కొత్త చిరునామాకి మార్పించుకోండి.

## పది అయ్యాక విశాఖ వచ్చేవాళ్లకి

ఇంటర్‌కి హాస్టల్లో వెయ్యాలా, ఇంట్లో ఉంచి చదివించాలా?

ఇంట్లో ఉంచే వీలుంటే ఇంట్లోనే. ఒక గది అద్దెకు తీసుకుని అమ్మో, నాయనమ్మో తోడుండి చదివించే కుటుంబాలున్నాయి. ఖర్చు హాస్టల్‌కన్నా ఎక్కువేమీ కాదు, పిల్లలు కూడా కుదురుగా ఉంటారు.

హాస్టల్ తప్పదంటే, చేర్చే ముందు ఇవి అడిగి తెలుసుకోండి. పొద్దున ఎన్నింటికి లేపుతారు, రాత్రి స్టడీ అవర్ ఎన్నింటికి వదులుతారు? మధ్యలో ఆరున్నర గంటలు కూడా లేకపోతే అది చదువు కాదు, హింస. గదికి ఎంతమంది? ఇంటికి ఫోను ఎప్పుడెప్పుడు, వార్డెన్ పక్కన నిలబడి వింటారా? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారా, ఆ జాబితా గోడకి అంటిస్తారా? ఊళ్లో ఫస్టు వచ్చిన పిల్లవాడు ఇక్కడ చివరి సెక్షన్లో పడితే ఆ జాబితా ముందు నిలబడి ఏమైపోతాడో ఆలోచించండి.

చేర్చాక ప్రతి ఔటింగ్‌కీ వెళ్లండి. ముందు అన్నం పెట్టండి, మార్కులు తర్వాత అడగొచ్చు. "ఇక్కడ ఉండలేను" అని పిల్ల ఒక్కసారి అంటే బెంగ అనుకోవచ్చు. రెండోసారి కూడా అదే మాట అంటే ఆ సాయంత్రమే ఇంటికి తీసుకొచ్చెయ్యండి. కట్టిన ఫీజు గురించి ఆ పూట మాట్లాడొద్దు.

కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

బోర్డు మీద పేరు పెద్దదే ఉంటుంది. అయితే మీ పిల్ల కూర్చునే ఆ భవనానికి ఇంటర్మీడియట్ బోర్డు గుర్తింపు ఉందా అన్నది వేరే సంగతి. కాలేజీ కోడ్ అడిగి, బోర్డు వెబ్‌సైట్‌లో ఆ కోడ్, ఆ చిరునామా సరిపోయాయో చూసుకోండి. చదివేది ఒకచోట, హాల్ టికెట్‌లో ఇంకో కాలేజీ పేరు అన్న చిక్కు అప్పుడు రాదు. ఇంకొకటి, 2025 నుంచి ఇంటర్ తరగతులు ఏప్రిల్‌లోనే మొదలుపెడుతున్నారు. జూన్ దాకా ఆగితే మంచి చోట్ల సీట్లు ఉండవు.

ఇంటర్ కాకుండా వేరే దారి లేదా?

ఉంది. పాలిసెట్ రాసి కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు. ఆపైన ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు, లేదా పనిలో చేరొచ్చు. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ ఉన్న ఊరిది. మరలు విప్పి చూడడం ఇష్టమైన పిల్లల్ని పట్టుబట్టి ఎంపీసీలో కూర్చోబెట్టొద్దు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఎలా ఉంటుంది?

క్లాసులు చెప్పేవాళ్లు అర్హత ఉన్న లెక్చరర్లు. 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. పరీక్ష పరీక్షకీ వెంటపడి చదివించడం మాత్రం ఉండదు. తనంతట తాను కూర్చుని చదివే పిల్లలకు చక్కగా సరిపోతుంది.

## వచ్చిన కొత్తలో

బస్సులో ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది.

మొదటి వారం అమ్మతోనో నాన్నతోనో వెళ్లు. నీ స్టాపు ముందు వచ్చే స్టాపు పేరు గుర్తు పెట్టుకో, అక్కడే లేచి నిలబడు. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు, మహిళలకు ప్రయాణం ఉచితం, ఆధార్ దగ్గరుంచుకో. మగపిల్లలు స్కూలు సంతకంతో ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీసుకోవాలి. డ్రైవర్ పక్కన కూడా జనాన్ని కుక్కుకుని పోయే షేర్ ఆటో ఎక్కొద్దు, ఇంకో పది నిమిషాలు ఆగినా ఫర్వాలేదు. ఎవరైనా ఇబ్బంది పెడితే గట్టిగా కేక వెయ్యి, కండక్టర్ని పిలువు, 112కి ఫోన్ చెయ్యి.

నా యాసకి క్లాసులో నవ్వుతున్నారు.

మొదటి నెల నవ్వుతారు, అది బాధగానే ఉంటుంది. కానీ చుట్టూ చూడు. ఈ ఊళ్లో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు, గోదావరి వాళ్లు, ఒడియా వాళ్లు, నేవీలో పనిచేసే పంజాబీ, బెంగాలీ వాళ్లు, అందరూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే. నవ్విన పిల్ల ఇంట్లో వాళ్ల నాయనమ్మ కూడా నీలాగే మాట్లాడుతూ ఉండొచ్చు. నీ మాట మార్చుకోకు. ఒకే మనిషి పదేపదే వెక్కిరిస్తుంటే క్లాస్ టీచర్‌కి చెప్పు. చెప్పడం చాడీ కాదు. అమ్మానాన్నలకి ఒక మాట: "పట్టించుకోకు" అని తేల్చెయ్యకండి, ఒకసారి బడికి వెళ్లి మాట్లాడండి.

ఇక్కడ నాకెవరూ స్నేహితులు లేరు.

క్లాసులో అందరితో కలవాలని చూడకు, ఒక్కరు చాలు. నీ వీధి నుంచి అదే బడికి వెళ్లేవాళ్లు ఎవరో కనిపెట్టు, వాళ్లతో కలిసి నడువు. ఆటొస్తే ఆటలో చేరు, కబడ్డీకీ క్రికెట్‌కీ పరిచయాలు అక్కర్లేదు. పుస్తకాలు ఇష్టమైతే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. పాత ఊరి స్నేహితులకి ఆదివారం ఫోన్ చెయ్యి, ఎవరు వద్దన్నా మానెయ్యకు.

మొదటి పరీక్షలో మార్కులు పడిపోయాయి. ట్యూషన్ పెట్టించాలా?

దసరా దాకా ఆగండి. ఎక్కువమంది అర్ధ సంవత్సర పరీక్షలకి పాత మార్కులకు చేరుకుంటారు. అప్పటికీ పుంజుకోకపోతే ఏ సబ్జెక్టులో తప్పిందో ఆ టీచర్నే కలిసి అడగండి.

ఫ్రెండ్స్ అందరూ బీచ్‌కి వెళ్తున్నారు. వెళ్లొచ్చా?

వెళ్లు. ఇసుకలో ఆడుకో, మురీ మిక్చర్ తిను, కురుసుర సబ్‌మెరైన్ లోపలికెక్కి చూడు. నీళ్లలోకి మాత్రం మోకాలి లోతు దాటి వెళ్లకు. ఇది నేను చేతులు జోడించి చెప్పే మాట. చెరువులో, ఏట్లో ఈత కొట్టిన పిల్లలే ఎక్కువ ప్రమాదంలో పడతారు, ఈత వచ్చు కదా అనే ధైర్యంతో. మన తీరంలో లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఒడ్డుకొచ్చిన అలల నీరు ఒక పాయగా కలిసి వేగంగా వెనక్కి లాగేస్తుంది. ఆర్‌కే బీచ్ నుంచి యారాడ, భీమిలి దాకా పరీక్షలైపోయిన రోజున సరదాగా దిగి తిరిగిరాని విద్యార్థులు ఎందరో.

అలా పాయలో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకు, అలసిపోతావు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వెయ్యి. ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదు, లాగుడు తగ్గాక ఒడ్డుకి రా. స్నేహితుడు మునిగిపోతుంటే నువ్వు దూకకు. లైఫ్‌గార్డ్‌నో, జాలర్లనో కేకేసి పిలువు. లైఫ్‌గార్డులు లేని చోట, జనం లేని చోట అసలు దిగొద్దు.

తుఫాను అంటే భయమేస్తోంది. ఇక్కడ తరచూ వస్తాయా?

అక్టోబరు, నవంబరు నెలల్లో హెచ్చరికలు వస్తుంటాయి. కలెక్టర్ సెలవు ప్రకటిస్తే బడులు మూస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు కూలిపోయాయి, ఊరు మళ్లీ లేచి నిలబడింది. హెచ్చరిక వచ్చినప్పుడు ఫోన్లు ఛార్జి చేసుకుని, తాగునీళ్లు పట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పైన పెట్టుకోండి.

రాత్రిళ్లు ఏడుపొస్తోంది, ఎవరికీ చెప్పాలనిపించడం లేదు.

ఊరు కాని ఊళ్లో అలా అనిపించడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో ఎవరి దగ్గర మాట తేలిగ్గా వస్తుందో వాళ్లకి చెప్పు. మాట రాకపోతే చీటీ రాసి దిండు మీద పెట్టు. ఇంట్లో చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా కొడుతున్నా, ఒంటి మీద చెయ్యి వేస్తున్నా 1098.

చేరిన బడి అసలు నచ్చలేదు. మధ్యలో మార్చొచ్చా?

7, 8 తరగతుల్లో ఎప్పుడైనా మార్చొచ్చు. 9లో సీబీఎస్‌ఈ పిల్లలకు బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది కాబట్టి, అది పూర్తి కాకముందే తేల్చుకోండి. స్టేట్ సిలబస్‌లోనూ 9 దాటాక కదపకపోవడం మంచిది. చదువు కష్టంగా ఉందన్న కారణానికైతే ఒక టర్ము ఓపిక పట్టండి. కొడుతున్నారన్నా, అవమానిస్తున్నారన్నా, పిల్ల అన్నం మానేసిందన్నా నెల కూడా ఆగొద్దు. ముందు కొత్త బడిలో సీటు ఖాయం చేసుకోండి, తర్వాత టీసీ అడగండి, ఆన్‌లైన్ రికార్డులో వదిలించుకోండి. ఈసారి బడి చూడ్డానికి వెళ్లేటప్పుడు పిల్లనే ముందు నడవనివ్వండి.